తుపాను సహాయము – సంఘముల పని

(నౌపడలో జరిగిన పాస్టర్ల, సంఘ పెద్దల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



మన డయాసిస్ నూరేండ్ల పండుగలో బడుల గురించి, ఆసుపత్రుల గురించి, తొలి బోధకుల గురించి మాట్లాడుటకు పెద్దలు అనేకులున్నారు. మాకు అప్పగించిన అంశము తుపాను సహాయ కార్యక్రమముల నిర్వహణ. పండుగనాడు మాట్లాడుకునే సంగతి కాదిది. అయినను ఈ ప్రసంగమును నౌపడలో పెట్టించిన పెద్దల ఆలోచన మంచిదనియే మా అభిప్రాయము. ఒక ప్రక్క ఉప్పుమడులు, మరొక ప్రక్క తంపర, నడుమ రైలు కట్ట. నీరు వచ్చినప్పుడు ఎక్కడికి పోవునో, ఎక్కడ నిలిచిపోవునో ఇక్కడివారికి ఎవరూ బోధించనక్కరలేదు.

మన జిల్లాలకు అక్టోబరు దసరా నెల, తుపాను నెల కూడా. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురము వద్ద తీరము దాటినది. సరిగ్గా సంవత్సరము తిరిగేసరికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖపట్నమును తాకినది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మన పలాస దగ్గర తీరము దాటినది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నమునకు ఉత్తరముగా వచ్చినది. పేర్లు చూడబోతే ముద్దుగా ఉంటాయి. తిత్లీ అంటే సీతాకోకచిలుక అట. ఆ సీతాకోకచిలుక గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగముతో వచ్చి ఉద్దానములో చేసిన పని మీరందరు చూచినారు.

తిత్లీ సంగతియే ఎక్కువగా చెప్పుదుము. ఆనాడు మేము ఈ ప్రాంతములోనే పరిచర్యలో ఉన్నాము. అయితే ముందుగా ఒక పాత తుపానును జ్ఞాపకము చేసుకొనవలెను. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు పదివేలమందికి పైగా మరణించారు. అప్పుడు సహాయమునకు వెళ్ళినవారి మొదటి పని శవములను పాతిపెట్టుట, అనాథలైన పిల్లలను చేరదీయుట. దేశము నలుమూలల నుండి సంఘములు, సంస్థలు అక్కడికి వెళ్ళినవి. మన సంఘముల తరపున కాసా అనే క్రైస్తవ సహాయ సంస్థ కూడా పని చేసినది. తరువాతి కాలములో తీరమంతట తుపాను షెల్టర్లు లేచినవి. నలభై యేండ్లు గడిచి తిత్లీ వచ్చేసరికి వాతావరణ శాఖ ముందుగా హెచ్చరించినది, తీరములోని జనమును తరలించినారు, ఆ రాత్రి రైళ్ళను ఆపివేశారు. గనుక మన జిల్లాలో ప్రాణనష్టము దివిసీమతో పోల్చదగినది కాదు. పోయినది బ్రతుకుదెరువు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో కొబ్బరిచెట్లు వేర్లతో సహా పడిపోయినవి, జీడితోటలు నేలకు ఒరిగినవి. ఒడిశా కొండలలో కురిసిన వర్షముతో వంశధార, మహేంద్రతనయ, బాహుదా పొంగినవి, వరి పొలములు మునిగినవి. గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ఒక్క గ్రామములోనే పదిమందికి పైగా చనిపోయినారు. కరెంటు స్తంభములు వేలాదిగా కూలినవి. కరెంటు లేదు గనుక మోటారు లేదు, మోటారు లేదు గనుక ట్యాంకులో నీరు లేదు. చుట్టూ వరదనీరు, త్రాగుటకు మాత్రము చుక్క లేదు.

ఇది ఎందుకు చెప్పుచున్నామంటే, ఒక తుపానులో నేర్చిన పని మరొక తుపానుకు అచ్చముగా పనికిరాదు. పోయినసారి దుప్పట్లు ఇచ్చాము గనుక ఈసారియు దుప్పట్లే ఇద్దామనుట సులువైన ఆలోచన. దుప్పటి ఎవరికి కావలెనో ఎవరు అడిగినారు?

ఇక తిత్లీ తరువాత మేము చూచినది చెప్పెదము. మూడవ నాటికి జాతీయ రహదారి మీద చెట్లను తొలగించారు. ఆ వెంటనే లారీలు, వ్యానులు రాసాగినవి. విశాఖపట్నము నుండి, రాజమండ్రి నుండి, ఇంకా దూరము నుండి మంచి మనస్సుతో వచ్చినవారే. రహదారి ప్రక్కనున్న ఊరిలో బండి ఆపుదురు, గంటలో పంచుదురు, ఫోటో తీసుకొని తిరిగిపోవుదురు. వారిని తప్పు పట్టుట మా ఉద్దేశము కాదు. లోపలికి దారి తెలియదు, తెలిసినను చెట్లు అడ్డము. దాని ఫలితము మాత్రము ఇట్లున్నది. రహదారి ప్రక్క ఇంటిలో పులిహోర పొట్లములు మిగిలి పారవేసినారు. ఆరేడు కిలోమీటర్ల లోపల, తంపరకు ఆవల ఉన్న ఒక చిన్న పల్లెకు ఆరవ నాటివరకు ఒక్క బండియు పోలేదు. కాగితము మీద ఆ పల్లెకు అందినట్లే ఉన్నది, ఎందుకనగా పంచాయతీ పేరున వచ్చిన సరుకు పెద్ద ఊరిలోనే ఆగినది. చిన్న పల్లె పేరు ఏ కాగితములోను లేదు.

ఆరవ నాడు మోకాలిలోతు నీటిలో మేము ఆ పల్లెకు బియ్యము మోసుకొని పోయినాము. అక్కడ ఒక ముసలమ్మ మా చేతిలోని సంచి చూచి, "బియ్యం ఇచ్చేరు బాబూ, మరి పొయ్యేదీ?" అని అడిగినది. ఆమె పొయ్యి మట్టితో చేసినది, నీటిలో కరిగిపోయినది. కట్టెలు తడిసినవి, అగ్గిపెట్టె తడిసినది, గిన్నె కొట్టుకుపోయినది. ఆ రోజు ఆమెకు కావలసినది బియ్యము కాదు. గ్రామము మధ్య ఎత్తైన చోట ఒక పెద్ద పొయ్యి, ఒక పెద్ద గిన్నె, ఎండిన కట్టెలు కావలెను. మరునాటినుండి ఇంటింటికి బియ్యము ఇచ్చుట ఆపి, అందరికి ఒకేచోట గంజియు అన్నమును వండించినాము.

ఆ పల్లెలో ఇంటర్మీడియట్ చదివిన ఒక అమ్మాయి ఉన్నది. తల్లిదండ్రులు ఉప్పుమడులలో కూలివారు. మా ఎదుట అందరికంటె గట్టిగా పోట్లాడినది ఆ అమ్మాయియే. "మా ఊరు మీకు ఇప్పుడు కనిపించిందేటండీ" అని ముఖము మీదనే అడిగినది. మాతో వచ్చిన ఒక పెద్దాయనకు కోపము వచ్చినది కూడా. మేము ఆ నోటుపుస్తకము ఆ అమ్మాయి చేతికే ఇచ్చి, "నీవే వ్రాయి" అన్నాము. అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయములో ఇట్టిదే జరిగినది గదా. దినదిన పరిచర్యలో తమ విధవరాండ్రను విడిచిపెట్టారని గ్రీకు భాష మాట్లాడేవారు సణిగినారు. పెద్దలు వారి నోరు మూయించలేదు, ఏడుగురిని ఏర్పరచినారు. ఆ ఏడుగురి పేర్లు చదివి చూడండి, అన్నియు గ్రీకు పేర్లే. పంపిణీలో ఎవరు విడువబడ్డారో ఆ పక్షము వారికే పంపిణీ అప్పగించారన్నమాట. వేదాంత కళాశాలలో ఈ భాగము మీద పరీక్ష వ్రాసినాము, మార్కులును వచ్చినవి. దాని అర్థము తంపర గట్టు మీద తెలిసినది.

ఆ అమ్మాయి పట్టిక వ్రాసిన విధము మీకు తెలుపవలెను. రేషను కార్డులను ఆమె లెక్కపెట్టలేదు, పొయ్యిలను లెక్కపెట్టినది. కార్డు ఒకటే ఉండును, ఆ కప్పు క్రింద ముసలి తల్లి పొయ్యి వేరు, కొత్తగా పెండ్లయిన కొడుకు పొయ్యి వేరు. కార్డు పేరున ఇచ్చిన సరుకు కొడుకు ఇంటనే దిగును, తల్లి వాకిట కూర్చుండును. ఏ ఊరిలోనైనను కార్డుల కంటె పొయ్యిలే ఎక్కువ. పొయ్యికి ఎదురుగా ఆమె వ్రాసినవి: పసిబిడ్డలు, గర్భిణీలు, మంచము పట్టినవారు, పనికి ఊరు విడిచి పోయినవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు.

ఈ చివరిది ఉద్దానము ఎరుగనివారికి తోచదు. ఇక్కడ కిడ్నీ వ్యాధి ఇంటింటి మాట. 2018 నాటికి పలాస, సోంపేట, టెక్కలి ప్రభుత్వ ఆసుపత్రులలో డయాలసిస్ కేంద్రములు నడుచుచున్నవి. వారానికి రెండు మూడుసార్లు రక్తశుద్ధి జరుగనిదే బ్రతుకలేని మనిషికి అన్నిటికంటె ముందు కావలసినది దారి. దారిలో చెట్టు పడియున్నది, ఆటో కదలదు. మన యౌవనస్థులు గొడ్డళ్ళతోను, అద్దెకు తెచ్చిన రంపపు మిషనుతోను ముందు ఆ దారులను తెరిచినారు. ఏ దారి ముందు తెరవవలెనో చెప్పినది ఆ అమ్మాయి పట్టికయే. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రము, ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైనవి. అది మంచి సంగతి. ఆసుపత్రి ఎంత పెద్దదైనను పడిన చెట్టు పడినట్లే ఉండును గనుక గొడ్డళ్ళకు పదును పెట్టి ఉంచుట మాత్రము మానరాదు.

నీటి సంగతి. వరద తీసిన తరువాత నూతిలో బురద, కళేబరములు, కొన్నిచోట్ల ఉప్పునీరు. ముందు నుయ్యి తోడి శుభ్రము చేయవలెను, తరువాత బ్లీచింగు పొడి వేయవలెను. మామూలు లెక్క వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు, అదియు పొడి తాజాగా ఉంటేనే. మూత తెరిచి నెలల తరబడి ఉంచిన పొడిలో బలము ఉండదు. పొడిని బకెట్టు నీటిలో కలిపి, సున్నము అడుగుకు దిగనిచ్చి, పైన తేరిన నీటిని మాత్రమే నూతిలో కలుపవలెను. గంటసేపు ఆగి వాడవలెను. బురద తోడని నూతిలో పిడికెళ్ళకొద్ది పొడి చల్లి పనియైనదనుకొనుట వ్యర్థము.

ఇప్పుడు కొంత కష్టమైన మాట. రెండవ వారములో మనలోనే ఒక వాదన లేచినది. "ఇవి మన సంఘముల కానుకలు గదా, ముందు మనవారికి ఇచ్చి, మిగిలితే తక్కినవారికి ఇద్దాము" అని కొందరు పెద్దలన్నారు. గలతీయులకు వ్రాసిన పత్రికలో విశ్వాసులను ప్రత్యేకముగా ప్రస్తావించిన చోటును తీసి చూపించారు. వారు దుర్మార్గులు కారు. వారి యిండ్లును పడిపోయినవి, వారి పిల్లలును ఆకలితో ఉన్నారు. ఆ వాక్యము మొదట అందరి మాట చెప్పి తరువాతనే విశ్వాసుల మాట చెప్పుచున్నదని మేము జవాబు ఇచ్చినాము. ఆ జవాబుతో వాదన తెగలేదు. దానిని తెంపినది స్త్రీల సమాజములోని ఒక అమ్మ. ఇల్లు కూలిపోయిన మనిషి. "పక్కింటోల పొయ్యి ఎలగకుండా మా పొయ్యి ఎలిగితే, రేపు ఆ నూతి కాడికి ఏ మొకమెట్టుకుని ఎల్తాం బాబూ?" అన్నది. ఆ తరువాత ఎవరును పత్రిక తెరవలేదు. వీధి చివర మొదలుపెట్టి, ఏ ఇల్లును విడువకుండ వరుసగా పంచినాము.

దీనికి సంబంధించినదే ఇంకొకటి. బియ్యము ఇచ్చే చోట కరపత్రము ఇవ్వరాదని మా గట్టి అభిప్రాయము. కొందరు సేవకులకు ఇది నచ్చదని ఎరుగుదుము. వరుసలో నిలుచున్న మనిషి కరపత్రము వద్దనలేడు, వద్దంటే బియ్యము రాదేమోనని భయము. కాదనుటకు వీలులేని చోట చెప్పిన మాటకు విలువ ఏముండును? వరుసలోని వారి ఫోటోలు కూడా ఆ కారణము చేతనే తీయనివ్వలేదు. దాతలకు ఏమి చూపుదుమని అడిగినారు. లెక్కలు చూపుదుమన్నాము.

లెక్కల విషయములో కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక ఎనిమిదవ అధ్యాయము కంటె మంచి పాఠము మాకు కనబడలేదు. యెరూషలేములోని బీదల కొరకు పోగుచేసిన ధనమును పౌలు ఒక్కడే తీసుకొనిపోలేదు. సంఘములు ఏర్పరచిన వేరొకరిని తోడు తీసుకొన్నాడు, నింద రాకుండునట్లు జాగ్రత్తపడ్డాడు. అంతటివాడే అట్లు చేయగా పాస్టరు గారి జేబులో సహాయ నిధి ఉండవచ్చునా? రెండు సంతకములు లేనిదే ఒక్క బస్తా కదలరాదు. వచ్చిన సరుకు, పోయిన సరుకు, మిగిలిన సరుకు ఏ రోజుకారోజు గుడి తలుపు మీద అంటించవలెను.

పాత బట్టల గురించి రెండు మాటలు చెప్పనిదే ముందుకు పోలేము. మూటలకొద్ది వచ్చినవి. చినిగిన చీరలు, బొత్తాలు లేని చొక్కాలు, ఉన్ని కోట్లు. ఒక కోటు ఆ యేడు పొలములో దిష్టిబొమ్మకు తొడుగగా చూచినాము, బాగానే కుదిరినది. వాటిని ఏరి వేరుచేయుటకు పదిమంది యౌవనస్థులు రెండు రోజులు కూర్చున్నారు. ఆ రెండు రోజులు వారు దారులు తెరువవలసినవారు. కావలసినవి కొత్త టార్పాలిన్లు, నైలాను త్రాళ్ళు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, స్త్రీలకు నెలసరి గుడ్డలు, ఓ.ఆర్.ఎస్. పొట్లములు. నెలసరి గుడ్డల మాట సభలో చెప్పుటకు సిగ్గుపడి మగవారు పట్టికలో వ్రాయరు. అందుచేత పట్టిక వ్రాసే ప్రతిచోట ఒక స్త్రీ ఉండవలెను.

అసలు లోటు మూడవ వారములో కనబడినది. లారీలు ఆగినవి, పత్రికలలో వార్తలు ఆగినవి. ప్రభుత్వ నష్టపరిహారము లెక్క మొదలైనది. పడిన కొబ్బరిచెట్టుకు 1,500 రూపాయలని మొదట నిర్ణయించారు, 2019లో దానిని 3,000 చేసినారు. జీడితోటకు హెక్టారుకు 30,000 నుండి 50,000కు పెంచినారు. చెట్టు ఉన్నవారికి అది కొంత ఊరట. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఆరేడేండ్లు పట్టును గనుక ఆ ఊరటయు చాలదు. అయితే ఆ చెట్టు ఎక్కి కాయలు దింపే కూలివానికి చెట్టు లేదు. జీడిపిక్కలు కొట్టే ఆడకూలీకి తోట లేదు, ఫ్యాక్టరీకి కరెంటు లేదు, ఆమెకు కూలి లేదు. కౌలురైతు పేరు భూమి పుస్తకములో ఉండదు. మన నౌపడ ఉప్పు సంగతి ఇంకను విచిత్రము. పొలములో వరి మునిగితే పంట నష్టమందురు. ఉప్పు పంట కాదు, అది పరిశ్రమ క్రింద లెక్క, అందులోను కేంద్ర ప్రభుత్వము క్రిందిది. రాశిపోసిన ఉప్పు వానకు కరిగితే వ్యవసాయ అధికారి వ్రాసుకొనడు. మడి గట్లు తెగి బురద నిండితే, వాటిని మరల చదును చేసి నీరు పెట్టేవరకు కూలివానికి పని లేదు. ఆ నడిమి నెలలలో విశాఖకో, హైదరాబాదుకో, చెన్నైకో రైలెక్కుదురు. స్టేషను ఇక్కడే ఉన్నది గదా.

అందుచేత మేము తెచ్చిన దానిలో సగము మూడవ వారమునకు అట్టే ఉంచినాము. "ఇంత కష్టములో సరుకు దాచుకున్నారు" అని అన్నవారున్నారు. మూడవ వారములో ఆ సొమ్ముతో కూలి ఇచ్చి తెగిన ఉప్పుమడి గట్లు వేయించినాము, పడిన కొబ్బరి మొద్దులు తీయించినాము. కూలి తీసుకున్నవాడు తల ఎత్తి తీసుకొనును. ఉచితపు సంచి తీసుకున్నప్పుడు అదే మనిషి మన కన్నులలోనికి చూడలేకపోవుట మేము గమనించినాము.

ఇక జరుగవలసిన పని. ప్రతి పాస్టరేటులో, ప్రతి పల్లెకు, సెప్టెంబరు నెలలోనే పొయ్యిల పట్టిక వ్రాసి ఉంచవలెను. మన విశ్వాసులున్న పల్లెలకు మాత్రమే అనుకొనరాదు, మనవారు ఒక్కరును లేని పల్లెలకు కూడ. 2019 నుండి ఊరూర గ్రామ సచివాలయములు వచ్చినవి, వారి దగ్గర పట్టికలున్నవి. ఉన్నను మన పట్టిక మనము వ్రాయవలెను, ఒక ప్రతి వారికి ఇవ్వవలెను, వారితో కలిసి పని చేయవలెను. పట్టిక కాగితము మీద ఉండవలెను. తిత్లీ నాడు సెల్ టవర్లు పనిచేయలేదు, ఫోనులోని పట్టిక ఛార్జి అయిపోగానే మాయమగును.

సరుకు నిలువచేయుటకు నౌపడ మంచిదని కమిటీలో కొందరంటున్నారు. 1900లో పర్లాకిమిడి రాజావారి చిన్న రైలు మొదలైనది ఇక్కడినుండియే. ఇప్పుడది పెద్ద లైనై గుణుపూరు వరకు పోవుచున్నది. ప్రధాన మార్గములో వచ్చిన సరుకును ఇక్కడ దింపి పర్లాకిమిడి వైపునకు, ఇటు పలాస వైపునకు పంపవచ్చును. దింపుటకు నౌపడ మంచిదే, ఒప్పుకొందుము. నిలువకు మాత్రము ఈ పల్లపు నేల తగదు. నీరు వచ్చిననాడు మొదట తడిసేది మన బియ్యమే. టెక్కలి వైపు మెట్ట మీద రెండు గదులు చాలును. అక్కడ మన ప్రాంగణములో ఉన్న రెండు గదులలో ఒకటి ఖాళీగా ఉన్నది, రెండవదానిలో క్రిస్మసు పందిరి సామాను, విరిగిన బల్లలు ఉన్నవి. సెప్టెంబరు మొదటి వారమునకు అది ఖాళీ చేయించవలెను. గొడ్డళ్ళు, త్రాళ్ళు, టార్పాలిన్లు ముందు అందులో చేరవలెను. తాళపుచెవులు రెండు, ఒకటి ఎవరి దగ్గర, రెండవది ఎవరి దగ్గర అన్నది ఈ సాయంకాలము టీ అయిన వెంటనే కమిటీవారు కూర్చుండి తేల్చవలసియున్నది.